స్పిన్‌ను మోసే ప్లాస్టిక్: ఎక్కువసేపు నిలపడమా, ఎక్కువ దూరం నడపడమా?

రాగిలో ఒక ఎలక్ట్రాన్ తన స్పిన్ దిశను ఎంతసేపు నిలుపుకుంటుంది? గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు పది, ఇరవై పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. కర్బనంతో చేసిన సెమీకండక్టర్ పాలిమర్లలో, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసిన ప్లాస్టిక్‌లలో, అదే స్పిన్ మైక్రోసెకను స్థాయిలో నిలవగలదు. అంటే పదివేల నుంచి లక్ష రెట్లు ఎక్కువ. ఈ ఒక్క అంకె చూసి స్పిన్ ఎలక్ట్రానిక్స్‌కు ప్లాస్టిక్కే సరైన పదార్థమని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఇంకో అంకె కూడా ఉంది. ఆ కాసేపట్లోనే రాగిలో స్పిన్ కొన్ని వందల నానోమీటర్లు వెళ్లిపోతుంది. మామూలు పాలిమర్ పొరలోనేమో అంత ఆయుష్షు ఉండి కూడా పది, ఇరవై నానోమీటర్లు దాటడమే గగనం.

రెండు అంకెలూ నిజమే. స్పిన్ కోసం పాలిమర్లను మలిచే రసాయనవేత్తల పని అంతా ఈ రెండింటి మధ్యే నడుస్తోంది.

స్పిన్‌తో పనేమిటి

ఎలక్ట్రాన్‌కు చార్జ్‌తో పాటు ఒక చిన్న అయస్కాంత గుణం ఉంటుంది. దాన్నే స్పిన్ అంటారు. ఏ దిశలో కొలిచినా దానికి రెండే జవాబులు వస్తాయి: పైకి, లేదా కిందికి. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అయస్కాంత క్షేత్రంలోంచి పంపినప్పుడు అది రెండుగా చీలడానికి కారణం ఇదేనని తర్వాత తేలింది. స్పిన్ అనే భావనను 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ముందుకు తెచ్చారు.

మామూలు చిప్‌లు చార్జ్‌ను మాత్రమే పట్టించుకుంటాయి. ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా, ఎన్ని ఉన్నాయి, అంతే. స్పిన్‌ను కూడా సమాచారంగా వాడుకోవడాన్ని స్పిన్‌ట్రానిక్స్ అంటారు. ఇది ప్రయోగశాలకే పరిమితమైన ఊహ కాదు. 1988లో అల్బెర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందాలు విడివిడిగా ఒక సంగతి కనిపెట్టాయి. పలచని లోహపు పొర ఒకటి మధ్యలో ఉండి, దానికి రెండు పక్కలా అయస్కాంత పొరలు ఉన్నాయనుకుందాం. ఆ రెండు అయస్కాంతాలూ ఒకే దిశలో ఉంటే కరెంటు సులువుగా పోతుంది, ఎదురెదురుగా ఉంటే అడ్డు పెరుగుతుంది. పదేళ్లు తిరక్కుండానే హార్డ్ డిస్కులు ఈ సూత్రంతో డేటా చదవడం మొదలుపెట్టాయి. 2007లో ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇలా రెండు అయస్కాంత పొరల మధ్య ఇంకో పదార్థాన్ని పెట్టి కట్టిన పరికరమే స్పిన్ వాల్వ్. మొదటి అయస్కాంతం స్పిన్‌లను ఒక దిశలో పంపుతుంది, రెండోది అవి చేరాక ఏ దిశలో ఉన్నాయో పరీక్షిస్తుంది. మధ్య పదార్థంలో దిశ చెదిరిపోతే రెండో అయస్కాంతం ఎటు తిరిగి ఉన్నా తేడా తెలియదు. మధ్యలో లోహం బదులు పాలిమర్ పెడితే ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

పాలిమర్‌లో కరెంటును మోసేది పోలరాన్

ప్లాస్టిక్ కరెంటును పోనివ్వదని మనందరికీ తెలుసు. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ పాలీఎసిటిలిన్‌కు అయోడిన్ పట్టించి ఈ నమ్మకాన్ని తిరగరాశారు. 2000లో వాళ్లకు రసాయనశాస్త్రంలో నోబెల్ దక్కింది. ఇలాంటి పాలిమర్లలో కర్బన పరమాణువుల మధ్య ఒక ఒంటి బంధం, ఒక జంట బంధం మార్చి మార్చి వస్తాయి. దానివల్ల కొన్ని ఎలక్ట్రాన్లు ఒక్క పరమాణువుకు కట్టుబడకుండా గొలుసు వెంట పరుచుకుంటాయి.

అయితే సిలికాన్ స్ఫటికంలో లాగా ఇక్కడ ఎలక్ట్రాన్‌కు నున్నని దారి దొరకదు. గొలుసు మెత్తనిది. మీద ఒక చార్జ్ చేరగానే చుట్టుపక్కల బంధాల పొడవులు కొద్దిగా మారతాయి. చార్జ్, దాని చుట్టూ ఏర్పడ్డ ఈ వంపు కలిసి ఒకటిగా కదులుతాయి. ఈ జంటకే పోలరాన్ అని పేరు. పోలరాన్‌కు స్పిన్ ఉంటుంది. అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూ పోతుంది, ఒక గొలుసు చివరికి వస్తే పక్క గొలుసు మీదికి దూకుతుంది. ఈ గెంతుల వేగాన్ని బట్టే పదార్థం మొబిలిటీ, అంటే అందులో చార్జ్ ఎంత సులువుగా కదులుతుందన్న కొలత, ఎంతో తేలుతుంది.

స్పిన్‌ను చెరిపేవి ఏవి

స్పిన్ దిశ చెదరడానికి పాలిమర్లలో ముఖ్యమైన కారణాలు రెండు.

మొదటిది స్పిన్-ఆర్బిట్ కప్లింగ్. కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ కదిలే తీరుకూ, దాని స్పిన్‌కూ ఉన్న ముడి ఇది. ఎలక్ట్రాన్ దారి మార్చుకున్నప్పుడల్లా స్పిన్ కూడా కాస్త కదిలిపోయే ప్రమాదాన్ని ఈ ముడే తెచ్చిపెడుతుంది. బరువైన పరమాణువుల్లో ఇది చాలా బలంగా ఉంటుంది. ముతక లెక్కకు పరమాణు సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుందని చెబుతారు. కర్బనం పరమాణు సంఖ్య 6, గంధకానిది 16, సెలీనియంది 34. ఈ లెక్కన కర్బనం కంటే గంధకంలో సుమారు 50 రెట్లు, సెలీనియంలో 1000 రెట్లు ఎక్కువ ఉండాలి. స్పిన్‌ను ఎక్కువసేపు నిలుపుతాయన్న పేరు పాలిమర్లకు వచ్చింది ఇక్కడే: ఉన్నవాటిలో ఎక్కువభాగం తేలికైన పరమాణువులే కదా.

రెండోది హైపర్‌ఫైన్ చర్య, అంటే కేంద్రకాల అయస్కాంతత్వం ఎలక్ట్రాన్ స్పిన్ మీద చూపే ప్రభావం. కర్బనం-12కు కేంద్రక స్పిన్ లేదు. ప్రకృతిలోని కర్బనంలో స్పిన్ ఉన్న కర్బనం-13 దాదాపు 1.1 శాతమే. చిక్కు తెచ్చేది హైడ్రోజన్. పాలిమర్ నిండా హైడ్రోజన్లే, ప్రతి దానికీ కేంద్రక స్పిన్ ఉంటుంది. ఒక పోలరాన్ కింద ఉన్న హైడ్రోజన్లన్నీ కలిసి దాని మీద ఒక మిల్లీటెస్లా స్థాయిలో, ఏ దిశలో ఉంటుందో చెప్పలేని క్షేత్రాన్ని కలగజేస్తాయి. భూమి అయస్కాంత క్షేత్రానికి అది ఇరవై రెట్లు.

ఒక మిల్లీటెస్లా క్షేత్రంలో ఎలక్ట్రాన్ స్పిన్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 36 నానోసెకన్లు పడుతుంది. పోలరాన్ ఒకే చోట అంతసేపు కూర్చుంటే అక్కడి హైడ్రోజన్లు దాని దిశను పూర్తిగా తిప్పేస్తాయి. అదే 36 నానోసెకన్ల కంటే చాలా త్వరగా గెంతుతూ పోతే, ప్రతి చోటా క్షేత్రం దిశ వేరు కాబట్టి వాటి ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే వేగంగా కదలడం కూడా ఒక రక్షణే. కానీ స్పిన్-ఆర్బిట్ విషయంలో దీనికి విరుద్ధం జరగొచ్చు. గెంతే ప్రతిసారీ స్పిన్ తిరగబడే అవకాశం కొద్దిగా ఉంటే, ఎక్కువ గెంతులు వేసేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. ఒక పాలిమర్‌లో ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ముందే చెప్పడం కష్టం, ఉష్ణోగ్రతతో కూడా అది మారుతుంది.

దూరాన్ని లెక్కగట్టి చూద్దాం

స్పిన్ సగటున వెళ్లే దూరాన్ని స్పిన్ డిఫ్యూజన్ పొడవు అంటారు. డిఫ్యూజన్ గుణకాన్ని (గెంతుతూ ఎంత త్వరగా విస్తరిస్తుందో చెప్పే అంకెను) స్పిన్ ఆయుష్షుతో గుణించి, వర్గమూలం తీస్తే అది వస్తుంది. వర్గమూలం ఎందుకంటే, దారి తెలియక అటో అడుగు ఇటో అడుగు వేసేవాడు నాలుగు రెట్లు ఎక్కువసేపు నడిచినా బయలుదేరిన చోటి నుంచి రెండు రెట్ల దూరమే చేరతాడు. గది ఉష్ణోగ్రత దగ్గర డిఫ్యూజన్ గుణకం మొబిలిటీలో సుమారు నలభయ్యో వంతు ఉంటుంది.

రెండు పాలిమర్లను ఊహించుకుందాం. రెండింటిలోనూ స్పిన్ ఆయుష్షు ఒక మైక్రోసెకనే. మొదటిది పాతకాలపు చిందరవందర పాలిమర్, మొబిలిటీ వోల్టు-సెకనుకు 0.00001 చదరపు సెంటీమీటర్లు. లెక్క వేస్తే స్పిన్ వెళ్లే దూరం సుమారు 5 నానోమీటర్లు. గెంతు పొడవు ఒక నానోమీటరు అనుకుంటే ఒక్కో గెంతుకు ఆరు నానోసెకన్లు పడుతుంది. పైన చెప్పిన 36 నానోసెకన్లకు ఇది మరీ దూరం కాదు, కాబట్టి హైడ్రోజన్ల బెడద గట్టిగానే ఉంటుంది. రెండోది చక్కగా అమరిన ఆధునిక పాలిమర్, మొబిలిటీ 0.1. దూరం 500 నానోమీటర్లకు చేరింది. గెంతుకు పట్టే సమయం పికోసెకను కంటే తక్కువ. హైడ్రోజన్ల క్షేత్రాలు దాదాపు పూర్తిగా సగటయిపోతాయి.

ఆయుష్షును రవ్వంత కూడా మార్చకుండా దూరం వంద రెట్లు పెరిగింది. నా దృష్టిలో ఈ రంగం మీద వచ్చే రాతల్లో చాలావాటికి తగలాల్సిన మొట్టికాయ ఇదే. "కర్బనంలో స్పిన్ చాలాసేపు బతుకుతుంది" అన్న మాట సగం సమాధానమే. అది కదలకపోతే ఆ ఆయుష్షుతో ప్రయోజనం లేదు.

గొలుసును ఎలా మలుస్తారు

ఇక్కడి నుంచి రసాయనశాస్త్రం పని మొదలవుతుంది, మంచి చిక్కులూ ఇక్కడే ఉన్నాయి.

మొదట గొలుసు చదునుగా ఉండాలి. చదునైన గొలుసు మీద గొలుసు వెంట పరుచుకున్న ఎలక్ట్రాన్లు ఉండే π-కక్ష్యలకూ, పరమాణువులను కలిపి పట్టే సిగ్మా-కక్ష్యలకూ సంబంధం తక్కువ, కాబట్టి స్పిన్-ఆర్బిట్ ప్రభావం బాగా తగ్గుతుంది. గొలుసు మెలి తిరిగితే ఆ రెండూ కలిసిపోతాయి, ప్రభావం పెరుగుతుంది. చదునైన గొలుసులో మొబిలిటీ కూడా ఎక్కువే. ఒకే మార్పుతో రెండు లాభాలు రావడం ఈ రంగంలో అరుదు, ఇది ఆ అరుదైన వాటిలో ఒకటి. ఇండసీనోడైథయోఫీన్, బెంజోథయాడయజోల్ ముక్కలను కలిపి చేసిన పాలిమర్ మెలి తిరగకుండా బిగువుగా ఉంటుంది. చూడ్డానికి స్ఫటికంలా అమరి ఉండకపోయినా మొబిలిటీ బాగుంటుంది. అందుకే స్పిన్ ప్రయోగాల్లో అది తరచూ కనిపిస్తుంది.

తర్వాత పరమాణువుల ఎంపిక. మంచి మొబిలిటీ ఇచ్చే పాలిమర్లలో ఎక్కువభాగం థయోఫీన్ వలయాలతో, అంటే గంధకంతో కట్టినవి. గంధకం స్పిన్-ఆర్బిట్ ప్రభావాన్ని పెంచుతుంది కదా, మరి దాన్ని వదిలేయాలా? అంత తేలిక కాదు. గంధకం ఉందా లేదా అన్నదానికంటే పోలరాన్ మేఘం ఆ గంధకం మీద ఎంత మేర పరుచుకుందన్నదే ముఖ్యం. 2017లో కేంబ్రిడ్జ్ బృందం ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన ద్రావణంలో విడివిడిగా ఉన్న సెమీకండక్టర్ అణువులను పోల్చి చూసింది. నిర్మాణంలోని చిన్న చిన్న తేడాలను బట్టి స్పిన్ ఆయుష్షు 200 మైక్రోసెకన్ల నుంచి 0.15 మైక్రోసెకన్ల దాకా మారింది. వెయ్యి రెట్లకు పైగా తేడా. కాబట్టి అణువులో ఏ పరమాణువులు ఉన్నాయో జాబితా చూసి తీర్పు చెప్పలేం.

హైడ్రోజన్ విషయంలో ఒక తెలివైన ఉపాయం ఉంది. హైడ్రోజన్ బదులు దాని బరువైన ఐసోటోపు డ్యూటీరియం పెట్టడం. రసాయనికంగా పెద్ద మార్పేమీ ఉండదు, కానీ హైపర్‌ఫైన్ చర్య సుమారు ఆరున్నర రెట్లు తగ్గుతుంది. 2010లో యూటా విశ్వవిద్యాలయ బృందం ఒక పీపీవీ రకం పాలిమర్‌లో ఇలా మార్చి చూస్తే స్పిన్ దూరం గణనీయంగా పెరిగింది. స్పిన్‌ను చెరపడంలో హైడ్రోజన్ల పాత్ర ఉందనడానికి ఇది సూటి సాక్ష్యం. పరికరాలు చేయడానికి ఇది మార్గమా అంటే, సందేహమే. వేగంగా గెంతే పాలిమర్లలో హైడ్రోజన్ల క్షేత్రం ఎలాగూ సగటయిపోతుంది కాబట్టి డ్యూటీరియం వల్ల వచ్చే లాభమూ అక్కడ తగ్గుతుంది.

పక్క గొలుసుల సంగతీ చెప్పుకోవాలి. పాలిమర్ ద్రావణంలో కరగాలంటే నూనెలాంటి పొడవాటి పక్క గొలుసులు అవసరం. అవి కరెంటును మోయవు గానీ ఊరకే కదులుతూ ఉంటాయి. ఆ కదలిక ప్రధాన గొలుసును కూడా కదిలిస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఇది స్పిన్‌ను చెరిపే కారణాల్లో చేరుతుంది.

డోపింగ్: గెంతకుండానే స్పిన్‌ను దాటించడం

ఇంతవరకూ పోలరాన్ తానే స్పిన్‌ను మోసుకెళ్తుందని అనుకున్నాం. ఇంకో దారి ఉంది. రెండు పోలరాన్లు దగ్గరగా ఉంటే, కదలకుండానే తమ స్పిన్‌లను ఒకదానితో ఒకటి మార్చుకోగలవు. దీన్ని ఎక్స్ఛేంజ్ అంటారు. చార్జ్ ఉన్నచోటే ఉంటుంది, స్పిన్ మాత్రం ముందుకు సాగుతుంది.

ఇది దూరంతో చాలా వేగంగా పడిపోయే ప్రభావం. ఘన సెంటీమీటరుకు 1 తర్వాత 17 సున్నాలంత పోలరాన్లు ఉంటే వాటి మధ్య సగటు దూరం 21 నానోమీటర్లు. ఎక్స్ఛేంజ్ దాదాపు లేనట్టే. డోపింగ్‌తో, అంటే అయోడిన్ లాంటి బయటి పదార్థాన్ని చేర్చి, ఆ సంఖ్యను వెయ్యి రెట్లు పెంచితే దూరం 2 నానోమీటర్లకు తగ్గుతుంది. అక్కడ స్పిన్ ఒక పోలరాన్ నుంచి పక్కదానికి సులువుగా దాటుతుంది. 2019లో కేంబ్రిడ్జ్‌లో హెన్నింగ్ సిరింగ్‌హాస్ బృందం పీబీటీటీటీ అనే పాలిమర్‌ను బాగా డోప్ చేసి, స్పిన్ ఒక మైక్రోమీటరు కంటే ఎక్కువ దూరం వెళ్లిందని ప్రకటించింది. కారణంగా చూపింది ఈ ఎక్స్ఛేంజ్‌నే.

అలాగని ఎంత డోప్ చేస్తే అంత మంచిదని కాదు. పోలరాన్లు మరీ కిక్కిరిస్తే రెండేసి కలిసి బైపోలరాన్లవుతాయి. బైపోలరాన్‌లో రెండు స్పిన్‌లు ఎదురెదురు దిశల్లో ఉండి కొట్టేసుకుంటాయి, మిగిలే స్పిన్ సున్నా. వంద చార్జ్‌లలో అరవై ఇలా జతకట్టాయనుకోండి. కరెంటు మోయడానికి వందా ఉన్నాయి, స్పిన్ మోయడానికి నలభయ్యే మిగిలాయి. కరెంటు బాగా పారే పాలిమరే స్పిన్‌నూ బాగా మోస్తుందన్న అంచనా ఇక్కడ బెడిసికొడుతుంది. పైగా డోపింగ్ కోసం చేర్చిన అయాన్లు గొలుసుల అమరికను చెడగొట్టగలవు. వాటిని పక్క గొలుసుల ప్రాంతంలోనే ఉంచేలా పాలిమర్‌ను రూపొందించడం, ఒకసారి డోప్ చేశాక అయాన్‌ను ఇంకోదానితో మార్చడం లాంటి పద్ధతులు ఈ ఇబ్బందికి పుట్టిన జవాబులే.

కొలిచింది నిజంగా స్పిన్నేనా?

ఈ రంగంలో తెగని తగువు ఇది. 2004లో యూటా బృందం సేంద్రియ స్పిన్ వాల్వ్ చేసి 11 కెల్విన్ దగ్గర అడ్డులో 40 శాతం మార్పు చూపించడంతో అందరి చూపూ ఇటు మళ్లింది. అందులో వాడింది పాలిమర్ కాదు, ఓఎల్ఈడీ తెరల పరిశోధనతో పేరొచ్చిన చిన్న అణువు. తర్వాత ఎన్నో ప్రయోగశాలలు ఇలాంటి పరికరాలు చేశాయి, ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగలేదు.

సందేహించేవాళ్ల వాదన ఇలా సాగుతుంది. మెత్తని సేంద్రియ పొర మీద లోహాన్ని పూస్తే లోహపు పరమాణువులు లోపలికి దిగిపోతాయి. అక్కడక్కడా పొర పలచబడుతుంది. కరెంటంతా ఆ పలచని చోట్లలోంచే దూరిపోతే, కొలిచిన మార్పు మందమైన పదార్థంలో స్పిన్ ప్రయాణించిందనడానికి రుజువు కాదు. దీన్ని తేల్చడానికి హాన్లే పరీక్ష ఉంది. ప్రయాణించే స్పిన్‌లకు అడ్డంగా చిన్న క్షేత్రం పెడితే అవి తిరగాలి, సిగ్నల్ చెదిరిపోవాలి. ప్రయాణానికి ఒక మైక్రోసెకను పట్టే పరికరంలో ఒక మిల్లీటెస్లా క్షేత్రం స్పిన్‌ను 28 చుట్లు తిప్పాలి. 2013లో వచ్చిన ప్రయోగాల్లో ఆ మార్పు కనిపించలేదు.

సమర్థించేవాళ్ల జవాబు ఎక్స్ఛేంజ్. స్పిన్ ఒక పోలరాన్ నుంచి ఇంకోదానికి చార్జ్ కంటే ఎన్నో రెట్లు వేగంగా దాటిపోతుంటే, తిరిగే సమయమే దొరకదు, హాన్లే కనిపించకపోవడం సహజమే అన్నది వాళ్ల మాట. తర్కం సరిగ్గానే ఉంది. కాకపోతే పోలరాన్లు దట్టంగా లేని పరికరాల్లో అంత బలమైన ఎక్స్ఛేంజ్ ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లే చూపించాలి.

అందుకే చాలామంది వేరే దారి పట్టారు. అయస్కాంత పొరను మైక్రోవేవ్‌లతో కదిలించి, కరెంటు లేకుండా స్పిన్‌ను మాత్రమే పాలిమర్‌లోకి పంపడం. దీన్ని స్పిన్ పంపింగ్ అంటారు. అవతలి పక్క ప్లాటినం లాంటి బరువైన లోహం ఆ స్పిన్ ప్రవాహాన్ని వోల్టేజీగా మారుస్తుంది. పెడాట్-పీఎస్ఎస్ పాలిమర్ తానే ఈ మార్పిడి చేస్తుందని 2013లో, పీబీటీటీటీ గుండా స్పిన్ దాటుతుందని 2014లో చూపించారు. ఇక్కడా జాగ్రత్త కావాలి. మైక్రోవేవ్‌లు పరికరాన్ని వేడెక్కిస్తాయి, ఆ వేడి కూడా వోల్టేజీ పుట్టిస్తుంది. వచ్చే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి రెండింటినీ విడదీయడమే ఇలాంటి పరిశోధనల్లో అసలు కష్టం. ఎంత దూరం వెళ్లిందన్న అంకె కంటే వేడిని ఎలా వేరుచేశారన్న వివరణనే ముందు చదవాలి.

తనలోనే స్పిన్ ఉన్న పాలిమర్లు

బయటి నుంచి స్పిన్‌ను పంపే బదులు గొలుసులోనే జత లేని ఎలక్ట్రాన్లు ఉండేలా చేయొచ్చు కదా? మామూలు పాలిమర్‌లో ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉండి నిండిన కక్ష్యలో కూర్చుంటాయి. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే ముక్కనూ లాక్కునే ముక్కనూ మార్చి మార్చి పేరిస్తే నిండిన కక్ష్యకూ ఖాళీ కక్ష్యకూ మధ్య శక్తి తేడా తగ్గుతుంది. ఆ తేడా చాలా చిన్నదైతే ఒక ఎలక్ట్రాన్ జత వీడి పై కక్ష్యలోకి పోవడం లాభసాటి అవుతుంది. ఆ రెండు ఎలక్ట్రాన్లు ఉన్న చోట్లు సరిగ్గా కుదిరితే వాటి స్పిన్‌లు ఒకే దిశలో నిలబడతాయి. జేసన్ అజూలే బృందం 2019లో ఇలా అత్యల్ప శక్తి స్థితిలోనే రెండు స్పిన్‌లు ఒకే దిశలో ఉండే పాలిమర్‌ను చూపించింది. అది ద్రావణంలో కరుగుతుంది, పలచని పొరగా పరచడానికి వీలైనది. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న పదార్థాలు తరచుగా గాలి తగలగానే పాడైపోతాయి కాబట్టి, స్థిరంగా ఉండే పాలిమర్ దొరకడం చిన్న విషయం కాదు.

చిరాలిటీ మీద, అంటే అణువు కుడికో ఎడమకో మెలి తిరిగి ఉండే గుణం మీద, ఆధారపడ్డ దారి కూడా ఒకటుంది. మెలి తిరిగిన అణువుల్లోంచి పోయే ఎలక్ట్రాన్లు ఒక స్పిన్ దిశవైపు మొగ్గు చూపుతాయని రాన్ నామన్ బృందం 1999 నుంచి చూపిస్తోంది. తేలికైన పరమాణువులతో చేసిన అణువులో ఇంత పెద్ద ప్రభావం ఎలా వస్తుందో అందరూ ఒప్పుకునే సిద్ధాంతం ఇంకా లేదు. అది స్థిరపడితే, పైన దోషంగా చెప్పుకున్న గొలుసు మెలికే కొన్ని పరికరాల్లో కావలసిన గుణం అవుతుంది.

జత లేని ఎలక్ట్రాన్ల పాలిమర్లకు మిగిలిన పరీక్ష వేరు. ఒక గొలుసులో రెండు స్పిన్‌లను ఒకే దిశలో నిలపడం రసాయనవేత్త చేతిలో ఉంది. పక్కపక్కన పేరుకున్న రెండు గొలుసుల స్పిన్‌లు మాత్రం ఎదురెదురుగా తిరగడానికే మొగ్గు చూపుతాయి. గొలుసులు దగ్గరైతే మొబిలిటీ పెరుగుతుంది, స్పిన్‌లు కొట్టేసుకుంటాయి. దూరంగా జరిపితే స్పిన్‌లు మిగులుతాయి, వాటిని మోసే దారి మూసుకుపోతుంది.